మార్కెట్ మూల దగ్గర ఇరవయ్యారు నిమిషాలు

పదిహేడేళ్ళు ఒకే రూటులో కండక్టరుగా తిరిగిన మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు మిగలడం కష్టం. ఆవిణ్ని డిపోలోనూ, స్టాపుల్లోనూ, చివరికి సొంత వీధిలోనూ అందరూ రైట్‌రైటమ్మ అనే పిలిచేవారు. విజిలు వేసి ఊరుకోవడం ఆవిడకు చేతకాదు. విజిలు వేశాక కూడా వెనక తలుపు దగ్గర నుంచి "రైట్, రైట్!" అని రెండుసార్లు అరిస్తేగానీ బండి కదులుతుందని నమ్మకం కుదిరేది కాదు. ఇంట్లో పొయ్యి మీంచి గిన్నె దించేటప్పుడు కూడా ఆ మాటే నోట్లోంచి జారిపోయేది. "ఇక్కడ డ్రైవరు లేడు తల్లీ, నువ్వే దించుకో" అనేవాడు మొగుడు. ఆయన దర్జీ. మార్కెట్ వీధిలో చిన్న కొట్టు. కొట్టు లోపల చీకటిగా ఉంటుందని ముందున్న నాలుగడుగుల వసారాలో మిషను వేసుకుని, వీధి వెలుతురులో ప్యాంట్లూ కర్టెన్లూ కుట్టుకునేవాడు.

ఆవిడ బస్సు బస్టాండులో బయల్దేరి, మార్కెట్ వీధి దాటి, ఐసు ఫ్యాక్టరీ పక్కగా పాత తీరం రోడ్డెక్కి, లైట్‌హౌసు దగ్గర ఆగేది. పన్నెండు స్టాపులు. కాగితం మీద నలభై నిమిషాలు. నలభైలో వెళ్ళిన రోజును ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టగలదు. ఆలస్యమైన ప్రతిసారీ డిపోలో సంజాయిషీ రాసివ్వాలి గనుక, ఏ స్టాపులో ఎన్నింటికి ఆగారో ఒక జేబు పుస్తకంలో రాసుకునేది. ఒక పుస్తకం అయిపోతే మరొకటి. అయిపోయినవి పారేయడానికి చేతులు రాక, బట్టల అలమారా అడుగున పడేసి ఉంచేది.

ఇలా నడుస్తున్న బతుకులో ఒక ఉదయం లైట్‌హౌసు స్టాపులో కప్పల టీచరు బస్సెక్కింది. ముప్పై ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పి, ఊళ్ళో సగం మంది చేత కప్పల్ని కోయించి రిటైరైన మనిషి. చేతిలో అట్టకు గుచ్చిన కాగితాలున్నాయి. బస్సు కిక్కిరిసి ఉంది.

"అమ్మాయ్, ఇక్కడో సంతకం పడేయ్."

రైట్‌రైటమ్మ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో టికెట్ల కట్ట పట్టుకుని ఉంది. లైట్‌హౌసు స్టాపులో నీడ లేదు, ఒక షెడ్డు వేయించండి అని రెండేళ్ళుగా టీచరు దగ్గర మొత్తుకుంటోంది. ఇన్నాళ్ళకు కదలిక వచ్చిందనుకుంది. టీచరు అట్టను తన చేతి మీదే ఆనించి పెన్ను అందించింది. ఆవిడ టికెట్ల కట్ట చంకలో ఇరికించుకుని, చదవకుండా సంతకం పెట్టేసింది.

రెండు వారాలు తిరక్కుండా డిపో మేనేజరు పిలిపించాడు. బల్ల మీద పచ్చరంగు కరపత్రం ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో "తీర రక్షణ సంఘం", కింద కార్యవర్గం. ఉపాధ్యక్షురాలి స్థానంలో ఆవిడ పేరు, పక్కనే "బస్సు కండక్టరు" అని.

"ఎప్పటినుంచమ్మా ఈ రాజకీయాలు?" అన్నాడాయన.

"ఏ రాజకీయాలు సార్?"

"ఇసుక దిబ్బల మీదుగా నాలుగు వరసల రోడ్డు వేస్తున్నారు కదా. దాన్ని ఆపి, బదులుగా ఊళ్ళో దారే వెడల్పు చేయాలంట మీ సంఘం. రోడ్డు పడితే మన బస్సుకే మంచిదాయె. బస్సులో పనిచేస్తూ రోడ్డు వద్దంటావేంటి?"

తాను షెడ్డు కోసం సంతకం పెట్టానని చెబితే, చదవకుండా పెట్టావా అంటాడు. చదివే పెట్టానంటే, ఉద్యోగం చేసేది ఎవరి దగ్గర అంటాడు. నీళ్ళు నమిలి, "పేరు తీయించేస్తాను సార్" అని బయటపడింది.

ఆ ఆదివారం ఆవిడ టీచరింటికి వెళ్ళింది. గట్టిగా అడిగేయాలని దారంతా మాటలు కూర్చుకుంది. గుమ్మంలో చెప్పులు విడిచేలోపే టీచరు, "వచ్చావా, మంచి పని చేశావ్. విడవకు, పద" అని చేయి పట్టుకుని దిబ్బల మీదికి లాక్కుపోయింది.

పదిహేడేళ్ళుగా రోజుకు ఎనిమిదిసార్లు బస్సు అద్దంలోంచి చూసిన దిబ్బలే. ఎప్పుడూ కాలు పెట్టలేదు. ఎక్కుతుంటే ఇసుక మడమల దాకా దిగబడింది. టీచరు ఒకచోట కూర్చుని గడ్డి దుబ్బు పక్కన ఇసుక తవ్వి చూపించింది. జానెడు గడ్డి కింద మూర దాటిన వేళ్ళున్నాయి, ఇంకా కిందికి పోతూనే ఉన్నాయి.

"దిబ్బను నిలబెట్టేది ఇదే. దీన్ని చదును చేస్తే రెండు గాలివానలకు ఇసుక ఉండదు. ఇసుక లేకపోతే సముద్రానికి అడ్డమెవరు?" అని, వెనక్కి తిరిగి దిబ్బలకూ పాత రోడ్డుకూ మధ్యనున్న చిత్తడి నేల చూపించింది. "పోటు నీళ్ళు వాగులోంచి అందులోకి చేరి, మళ్ళీ మెల్లగా వెనక్కి పోతాయి. ఇప్పుడు చూడు."

చిత్తడిలో ఒక మూలంతా పగిలిన ఇటుకలూ మట్టీ పోసి ఉన్నాయి. దాని మీద వరసగా ఎర్ర జెండాలు. సముద్రం కనిపించే ఇళ్ళ స్థలాలు, ఇంటి ముందే నాలుగు వరసల రోడ్డు అని బోర్డు.

"రోడ్డు బస్సు కోసం కాదమ్మాయ్. ఆ జెండాల కోసం."

రైట్‌రైటమ్మ తల ఊపింది. పేరు తీసేయమని అడగడానికి వచ్చానన్న సంగతి తిరుగు బస్సెక్కాకగానీ గుర్తురాలేదు.

మర్నాడు బస్సులో ఈ మాటలే చేపలక్కతో అంది. చేపలక్క తీరం వీధి మనిషి. రోజూ తెల్లారగానే రెండు తట్టలతో ఐసు ఫ్యాక్టరీ స్టాపులో ఎక్కి మార్కెట్‌లో దిగేది. ఆవిడ ఇంతెత్తున లేచింది.

"గడ్డి వేళ్ళు చూశావా? నా తట్ట చూడు. మార్కెట్ మూల దగ్గర అరగంట నిలబడితే ఐసు కరిగి నీళ్ళు నీ బస్సులోనే కారతాయి, నువ్వే తిడతావు. చేప మెత్తబడితే కొనేవాడు వేలు పెట్టి నొక్కి పోతాడు. రోడ్డు రావాలి. టీచరమ్మకు పింఛను వస్తుంది, గడ్డి చూసుకుంటూ కూర్చోమను."

"అది కాదక్కా, దిబ్బ పోతే మీ వీధికే కదా నీళ్ళొచ్చేది."

"వస్తాయనేగా రోడ్డు అంటున్నా! ఎత్తుగా వేస్తారంట. గోడలా అడ్డం ఉంటుందంట."

ఇదీ సబబుగానే తోచింది. ఆవిడకున్న చిక్కే అది. టీచరు చెప్పినప్పుడు టీచరు మాట న్యాయంగా ఉండేది, చేపలక్క అరిచినప్పుడు చేపలక్క మాట న్యాయంగా ఉండేది. ఒంటరిగా కూర్చుంటే రెండూ తలలో గిర్రున తిరిగేవి. ఒకరోజు అలా ఆలోచిస్తూనే స్కూలు స్టాపులో బండి ఆపమని విజిలు వేయడం మరిచిపోయింది. పిల్లలు పక్క స్టాపులో దిగి, గోలచేస్తూ నడిచి వెళ్ళారు.

ఆ నెలాఖర్లో పెద్ద పోటు వచ్చింది. ఏటా వచ్చేదే. ఎప్పుడూ చిత్తడిలో ఆగే నీళ్ళు ఈసారి మట్టి పోసిన మూల నుంచి మళ్ళి, తీరం వీధిలోకి మోకాలి లోతున వచ్చాయి. బస్సు ఐసు ఫ్యాక్టరీ దగ్గరే నిలిచిపోయింది. చేపలక్క తట్ట నెత్తిన పెట్టుకుని, నీళ్ళలో ఈడ్చుకుంటూ వచ్చి మెట్టెక్కింది.

"చూశావా అక్కా?" అంది రైట్‌రైటమ్మ.

"చూశా. రోడ్డుంటే ఇలా తడిసేదాన్నా?" అంది చేపలక్క.

ఒకే నీళ్ళు చూసి ఇద్దరు రెండు రకాలుగా మాట్లాడుతుంటే తనకేమైనా తెలివి తక్కువా అని ఆవిడకు అనుమానం వచ్చింది. ఇంటికెళ్ళి మొగుణ్ని అడిగింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "నీకెందుకే ఇవన్నీ, టికెట్లు కొట్టుకో" అన్నాడు. అది ఒక్కటే తేలిగ్గా అర్థమైన మాట. కానీ పాటించడం కుదరలేదు.

ఎందుకంటే కొత్త రోడ్డు గురించిన బహిరంగ విచారణకు కార్యవర్గం పేరుపేరునా రావాలని నోటీసు వచ్చింది. పేరు తీయించలేదు కదా, వెళ్ళక తప్పదు. వెళ్ళేటప్పుడు ఎందుకో అలమారాలోంచి ఏడాదికొకటి చొప్పున ఆరు జేబు పుస్తకాలు తీసి సంచిలో వేసుకుంది. ఏమైనా ప్రశ్న అడిగితే డిపోలో చెప్పినట్టు సంజాయిషీ చెప్పాలేమోనన్న భయం.

హైస్కూలు హాలు నిండిపోయింది. వేదిక మీద ముగ్గురు అధికారులు, వెనక గోడకు పెద్ద పటం. ఆవిడ ఆ పటాన్ని ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది. పటంలో సముద్రం కింద ఉంది. ఆవిడకు తెలిసిన సముద్రం వెళ్ళేటప్పుడు ఎడమపక్క, వచ్చేటప్పుడు కుడిపక్క ఉంటుంది. మెడ పక్కకు వాల్చి చూస్తుంటే పక్కనున్న టీచరు, "మెడ పట్టేసిందా?" అని అడిగింది.

రోడ్ల ఇంజనీరు లేచి పుల్లతో ఎర్ర గీత చూపించాడు. మంచి మాటకారి. గుక్క తిప్పుకోకుండా చెప్పి, చివర్లో, "ఈ రోడ్డు వల్ల లైట్‌హౌసు నుంచి బస్టాండుకు బస్సు ప్రయాణం ఇరవై నిమిషాలు తగ్గుతుంది" అన్నాడు. చేపలక్కా, ఆవిడతో వచ్చిన తీరం వీధి వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

"ఎక్కడ తగ్గుతుందండీ?"

ఆ మాట అన్నది తానేనని రైట్‌రైటమ్మకు హాలంతా తనవైపు తిరిగాకగానీ తెలియలేదు. వెనక తలుపు దగ్గర నుంచి డ్రైవరుకు వినిపించే గొంతు అది. మైకు అక్కర్లేదు.

"ఎవరమ్మా మీరు?"

"కండక్టర్ని సార్. తప్పయితే క్షమించండి. ఆ ఎర్ర గీత ఎక్కడ మొదలవుతుంది?"

"లైట్‌హౌసు దగ్గర."

"ఎక్కడ తేలుతుంది?"

ఆయన పుల్ల జరిపాడు. "మార్కెట్ మూల."

ఆవిడ సంచిలోంచి పుస్తకాలు తీసింది. అంటుకుపోయిన పేజీలను వేలు తడి చేసుకుని విడదీసింది. "లైట్‌హౌసు నుంచి ఐసు ఫ్యాక్టరీకి మాకు పదకొండు నిమిషాలు సార్. ఎండైనా పదకొండే, వానైనా పదకొండే. పోటు వచ్చి రోడ్డు మునిగిన రోజు తప్ప. ఐసు ఫ్యాక్టరీ నుంచి మార్కెట్ మూలకు ఏడు. అవతల గడియార స్తంభం నుంచి బస్టాండుకు పదిహేడు. మధ్యలో మార్కెట్ మూల నుంచి గడియార స్తంభం దాకా మార్కెట్ వీధి కిలోమీటరు కూడా లేదు." ఒక పేజీ తెరిచింది. "సోమవారం ఇరవై రెండు. మంగళవారం పంతొమ్మిది. శనివారం ఇరవయ్యారు. ఇంకో పుస్తకంలో చూసినా అంతే. ఆరేళ్ళవి ఉన్నాయి. మరి మీ గీత ఉన్నంత మేర పదకొండూ ఏడూ కలిపి నాకున్నదే పద్దెనిమిది కదా సార్, అందులోంచి ఇరవై ఎలా తీస్తారు?"

హాలులో ఎవరో గట్టిగా నవ్వారు. ఇంజనీరు ఎర్ర గీతను ఒకసారి చూసుకున్నాడు. టీచరు ఆవిడ భుజం తట్టి, "చెప్పు, రోడ్డు వద్దని చెప్పు" అని గుసగుసలాడింది.

"రోడ్డు వద్దని నేననడం లేదండీ," అంది రైట్‌రైటమ్మ నిజాయితీగా. "కావాలనీ అనడం లేదు. నాకు అర్థంకాక అడిగాను."

టీచరు చేయి భుజం మీంచి జారిపోయింది. అటుపక్క చేపలక్క ముఖం గంటు పెట్టుకుంది. ఒక్క మాటతో రెండు వైపులా చెడ్డవడమెలాగో ఆవిడకు ఆ రోజు తెలిసింది. పుస్తకాలు సంచిలో సర్దుకుంటుంటే, వేదిక చివర్నున్న ప్లానింగ్ ఆఫీసు ఉద్యోగిని ఒకావిడ దిగివచ్చి, "ఆ పుస్తకాలు నాలుగు రోజులు ఇస్తారా అండీ?" అని మెల్లగా అడిగింది.

నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి. ఆ ప్లానింగు ఆవిడ స్వయంగా బస్సెక్కి, చేతిలో గడియారంతో కూర్చుని, రోజుకు మూడు ట్రిప్పులు తిరిగింది. మార్కెట్ వీధిలో బస్సు నిలబడ్డప్పుడల్లా కిటికీలోంచి తల బయటపెట్టి కార్లూ, మెట్లూ, వసారాలూ లెక్క రాసుకుంది. రైట్‌రైటమ్మ ఆవిడకు కూర్చోడానికి సీటు చూపించింది, దాహమేస్తే నీళ్ళిచ్చింది. దర్జీ వసారా పక్కగా బస్సు పోతుంటే, "అదిగో, మా ఆయన" అని గర్వంగా చూపించింది కూడా.

ఏడు నెలలకు నిర్ణయం వచ్చింది. దిబ్బల మీది రోడ్డు మానుకున్నారు. చిత్తడిలో పోసిన మట్టి ఎత్తించాలి, అక్కడ ఇళ్ళకు అనుమతి లేదు. పాత తీరం రోడ్డును రెండుచోట్ల ఎత్తు చేసి, నీళ్ళు అటూఇటూ పోయేలా తూములు పెద్దవి చేస్తారు. కార్లు మార్కెట్ వీధిలో ఒకవైపే పోవాలి, వెనక మైదానంలో ఆగాలి. బస్సుకు వేరే వరస ఉంటుంది. దానికోసం వీధికి రెండువైపులా కొట్ల ముందున్న మెట్లూ వసారాలూ తీసేయాలి.

టీచరు కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆవిణ్ని కావలించుకుంది. ఆవిడ కూడా సంబరపడింది. ఆ సంబరం ఇంటి గుమ్మం దాకా వచ్చింది. లోపల మొగుడు నోటీసు చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇందులో కండక్టరు ఇచ్చిన వివరాల ప్రకారం అని ఉంది. నువ్వేనా?"

"నిమిషాలు నావే. వసారా సంగతి నేను చెప్పలేదు."

"ఆ నిమిషాలన్నీ నా వసారాలోంచేగా వచ్చేది!"

పదిహేడేళ్ళు రోజుకు ఎనిమిదిసార్లు ఆ వసారా పక్కన ఆగి, ఈ బస్సు ఎందుకు కదలదురా దేవుడా అని విసుక్కున్న మనిషే తాను. ఎందుకు కదలదో మాత్రం ఎప్పుడూ పక్కకు తిరిగి చూడలేదు. ఆ రోజు నుంచి ఆయన మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టమనడానికి కంచం చప్పుడు చేసేవాడు.

మూడో రోజు ఆవిడ టీచరు దగ్గరికి పరుగెత్తింది. "వసారాల మీద అభ్యంతరం రాసిద్దామండీ."

టీచరు ఇబ్బందిగా చూసింది. "రాయొచ్చు. కానీ మన సంఘం అడిగిందే ఇది కదమ్మా."

"నేనెప్పుడడిగాను?"

"నువ్వు ఉపాధ్యక్షురాలివి."

ఇక ఒంటరిగానే రాసింది. కాగితం తీసుకుని ప్లానింగ్ ఆఫీసుకు వెళితే, కౌంటరు వెనక గుమాస్తా ఆ కాగితాన్నీ ఫైలులోని సంఘం అర్జీనీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈ సంతకం, ఆ సంతకం ఒకరివేనా?"

"ఒకరివేనండి."

"ఒకటి రోడ్డు ఆపి ఊళ్ళో దారి వెడల్పు చేయమంటోంది. ఒకటి వెడల్పు చేయొద్దంటోంది. ఏది ఉంచమంటారు?"

ఆవిడ రెండు కాగితాలనూ మార్చిమార్చి చూసింది. వెనక వరసలో జనం దగ్గుతున్నారు.

"రెండూ ఉంచండి."

గుమాస్తా ఆవిడ ముఖంలోకి చూశాడు. వేళాకోళం కాదని గ్రహించి, రెండింటికీ ముద్ర వేసి ఫైలులో పెట్టుకున్నాడు.

అభ్యంతరం నిలవలేదు. అయితే ఆ కాగితం చూసిన ప్లానింగు ఆవిడ, కొట్లముందు రెండడుగుల మడత గుడ్డ పందిరి వేసుకోవచ్చని ఒక వాక్యం చేర్పించింది. వసారా కూల్చిన రోజు దర్జీ మిషను లోపలికి జరుపుకుని, ట్యూబులైటు వేసుకుని, కళ్ళు చిట్లిస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పక్క కొట్టువాడు వచ్చి, మాకూ ఒక పందిరి కుట్టిపెట్టు అన్నాడు. వారంలో పదకొండు పందిళ్ళు కుట్టాడు. తొమ్మిదో రోజు, అన్నం తింటూ, ఉన్నట్టుండి, "ఈ లైటు కింద నల్లదారం కనిపించి చావడం లేదు" అన్నాడు. తనతోనే అన్నాడని అర్థమయ్యాక, రైట్‌రైటమ్మ లేచి దారం రీళ్ళ పెట్టె తెచ్చి, నల్లవన్నీ ఏరి విడిగా పెట్టింది.

చేపలక్క మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. తట్టలో ఐసు ఐసుగానే మార్కెట్ చేరుతున్నా, "ఆ రోడ్డు వచ్చుంటే ఇంకా తొందరగా వచ్చేదాన్ని" అంటుంది. తరవాతి పెద్దపోటుకు తీరం వీధిలోకి నీళ్ళు చీలమండల దాకా వచ్చి ఆగాయి. మట్టి ఎత్తించినందుకు తగ్గాయని టీచరు అంది. ఈసారి పోటే చిన్నదని చేపలక్క అంది. రైట్‌రైటమ్మ ఇద్దరి మాటలూ విని, తన పుస్తకంలో "చీలమండ" అని రాసుకుంది.

కొత్త వరసలో బస్సు మొదలైన మొదటి సోమవారం ఇంకో వింత జరిగింది. బస్సు మార్కెట్ మూల నుంచి గడియార స్తంభం దగ్గరికి నాలుగు నిమిషాల్లో చేరింది. డ్రైవరు నమ్మలేక బండి ఆపి వెనక్కి తిరిగి చూశాడు. బస్టాండులో తిప్పుకుని వెనక్కి బయల్దేరితే, కాగితం మీద రాసిన టైముకే ప్రతి స్టాపుకూ వెళ్ళింది. ఏ స్టాపులోనూ ఒక్క మనిషి లేడు. ఏళ్ళ తరబడి ఈ బస్సు ఎంత ఆలస్యమవుతుందో జనానికి కంఠస్థం. ఆ లెక్కన ఇళ్ళలోంచి బయల్దేరేవారు. వాళ్ళొచ్చేసరికి బస్సు పోయింది. సాయంత్రానికి డిపోకు పద్దెనిమిది ఫిర్యాదులు వచ్చాయి, కండక్టరు ముందే బండి వెళ్ళగొట్టిందని.

మేనేజరు మళ్ళీ పిలిపించాడు. "సంజాయిషీ రాయి."

"టైముకే వచ్చింది సార్," అంది ఆవిడ.

"అదే రాయి."

ఆవిడ తెల్లకాగితం ముందు పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. పదిహేడేళ్ళలో ఆలస్యానికి ఎన్ని కారణాలైనా రాసింది. సమయానికి రావడానికి ఏ కారణం రాయాలో, అందులో తన తప్పెంతో, ఒప్పెంతో, ఎంతకీ తెగలేదు. పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, "అయ్యా" అని రాసి ఆగింది.